గండం గడిచాక అసలు కథ: ఐసీయూ నుంచి ఇంటికొచ్చినవాళ్ల గురించి మీకు తెలుసా?

ఐసీయూలో ఉన్న మనిషి ప్రాణాలతో బయటపడితే "గండం గడిచింది" అంటాం. దిష్టి తీసి లోపలికి తీసుకొస్తాం, మొక్కులు చెల్లిస్తాం, ఆసుపత్రి బిల్లు తలచుకుని నిట్టూరుస్తాం. డాక్టర్ల లెక్కలో మాత్రం అప్పటికి సగం దారే అయినట్టు. మిగతా సగం ఇంట్లో నడవాలి. దాని గురించి డిశ్చార్జ్ కాగితంలో సాధారణంగా ఉండేది రెండు ముక్కలు: విశ్రాంతి తీసుకోండి, ఫలానా తేదీన చూపించుకోండి. ఆ కాగితంలో చోటు దొరకని సంగతులు కొన్ని ఇక్కడ.

మొదటి వెంటిలేటర్లు విద్యార్థుల చేతులే

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ మీద పోలియో విరుచుకుపడింది. బ్లెగ్డమ్ ఆసుపత్రిలో ఊపిరాడనివాళ్లు వరసగా చేరుతున్నారు, యంత్రాలేమో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆగస్టు 27న బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక ప్రయోగం చేశాడు. వివి ఎబర్ట్ అనే 12 ఏళ్ల పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, అందులోంచి గొట్టం దింపి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. పిల్ల బతికింది. ఆ తర్వాత దాదాపు 1,500 మంది మెడికల్, డెంటల్ విద్యార్థులు షిఫ్టులు వేసుకుని, రాత్రింబవళ్లు మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. ఆ మరుసటి ఏడాది, 1953 చివర్లో, ఇబ్సెన్ అదే ఊళ్లో మరో ఆసుపత్రిలో ప్రత్యేకంగా ఒక వార్డు తెరిచాడు. మనం ఇవాళ ఐసీయూ అంటున్నది దాని సంతానమే.

వివి 1971 వరకు బతికింది. కాళ్లూ చేతులూ మాత్రం తిరిగి రాలేదు. ఐసీయూ వైద్యం గెలిచిన ఆ తొలి కేసులోనే రెండో ప్రశ్న కూడా ఉంది: ప్రాణం దక్కాక బతుకు ఎలా సాగాలి? దాన్ని డాక్టర్లు గట్టిగా పట్టించుకోవడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

ఈ అవస్థకు పేరు పెట్టింది 2010లో

ఐసీయూ నుంచి వచ్చినవాళ్లకు నెలల తరబడి ఉండే బాధలన్నిటినీ ఒక గొడుగు కిందకి తెచ్చి "పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్" అని అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2010లో జరిపిన సమావేశంలో పేరు పెట్టారు. అది 2012లో అచ్చయింది. పొట్టిగా "పిక్స్". ఒంట్లో సత్తువ పోవడం, జ్ఞాపకశక్తీ ఆలోచనా మందగించడం, మనసు కుదురుగా లేకపోవడం, ఈ మూడూ అందులోకి వస్తాయి. ఒకరికి ఒకటి ఉండొచ్చు, ఇంకొకరికి మూడూ ఉండొచ్చు. పేరు లేనంత కాలం మన ఇళ్లలో దీన్ని "బద్ధకం", "భయం", "మనిషి మారిపోయాడు" అంటూ సరిపెట్టుకున్నాం. 2020, 2021లో కొవిడ్‌తో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలోనో, జిల్లా కొవిడ్ వార్డుల్లోనో రోజుల తరబడి ఆక్సిజన్ మీద ఉండి వచ్చినవాళ్లలో ఎంతమందికి ఈ మాటలు పడ్డాయో వాళ్లనే అడగాలి.

పది రోజుల్లో తొడ కండ ఆరో వంతు కరిగిపోతుంది

లండన్‌లో జుడిన్ పుతుచ్చేరి బృందం ఐసీయూలో ఉన్న 63 మంది తొడ కండను అల్ట్రాసౌండ్‌తో కొలుస్తూ పోయింది. పదో రోజుకు సగటున 17.7 శాతం తగ్గింది. ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో తరుగు ఇంకా ఎక్కువ. మంచాన పడి కదలకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ రగిలించిన మంట కండను లోపలినుంచే తినేస్తుంది.

దీని అసలు రూపం ఇంటికొచ్చాక బయటపడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించవు. వాటర్ బాటిల్ మూత తిరగదు. అన్నిటికంటే పెద్ద పరీక్ష మన దొడ్లో ఉంటుంది. ఇండియన్ టాయిలెట్ మీద కూర్చోవడం ఎలాగో అయిపోతుంది, లేవడమే కుదరదు. లోపల గడియ వేసుకుని, గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ, బయట ఉన్నవాళ్లను పిలవడానికి సిగ్గుపడుతూ ఉండిపోయిన పెద్దమనుషులు ఎందరో. ఇంటికి తీసుకురాకముందే కమోడ్ కుర్చీ ఒకటి కొనో, అద్దెకు తెచ్చో పెట్టండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. బాత్రూమ్ గడియ కొన్నాళ్లు వేయొద్దని చెప్పండి. హారతిపళ్లెం కన్నా ముందు సిద్ధం చేయాల్సింది ఇది.

ఎన్నాళ్లు పడుతుంది? టొరంటోలో మార్గరెట్ హెరిడ్జ్ అనే డాక్టరు, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బయటపడిన 109 మందిని ఏళ్ల తరబడి వెంబడించి చూసింది. ఐసీయూ నుంచి బయటికొచ్చేసరికి వాళ్లు సగటున 18 శాతం బరువు పోగొట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాత కూడా ఆరు నిమిషాల్లో వాళ్లు నడవగలిగిన దూరం ఆ వయసువాళ్లు నడవాల్సినదానిలో 76 శాతమే. వాళ్లేమీ ముసలివాళ్లు కారు, ఎక్కువమంది నడివయసువాళ్లే. కాబట్టి "నెల దాటింది, ఇంకా లేవడం లేదేంటి" అన్న మాటను నోట్లోనే ఆపుకోవడం మంచిది.

జావతో కండ రాదు

జబ్బు నుంచి లేచినవాళ్లకు పథ్యం పెట్టడం మనకు తరతరాల అలవాటు. జావ, ఇడ్లీ, మెత్తగా కలిపిన చారన్నం. అరుగుదలకు మంచిదే, కండకు చాలదు. ఐరోపా పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు ఐసీయూ రోగికి క్రమంగా కిలో బరువుకు రోజుకు 1.3 గ్రాముల ప్రోటీన్ దాకా చేర్చమంటాయి. 60 కిలోల మనిషికి అది 78 గ్రాములు. గ్లాసు రాగిజావలో రెండు మూడు గ్రాములకు మించి ఉండదు. గుడ్డులో దాదాపు 6, పావు లీటరు పాలల్లో 8. లెక్క మీరే వేసుకోండి. ముద్దపప్పు, గుడ్లు, పెరుగు, చేపలు, తినేవాళ్లైతే చికెన్, అన్నీ కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టాలి. నాలుకకు రుచి తెలియకపోవడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం కొన్నాళ్లు మామూలే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్నో డైటీషియన్నో అడగకుండా ఈ లెక్క పట్టుకోకూడదు.

"రాయి నీళ్లలో తేలుతుందా?" అని డాక్టర్ అడిగితే నవ్వకండి

ఐసీయూలో రోగి మతి స్థిమితంగా ఉందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన వెస్ ఎలీ బృందం 2001లో ప్రకటించింది. నోట్లో గొట్టం ఉన్నవాళ్లు మాట్లాడలేరు కాబట్టి నర్సు చెయ్యి పట్టుకుని పది ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతుంది. "ఏ" వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కాలి. తర్వాత అవును, కాదు అని తలూపే ప్రశ్నలు: రాయి నీళ్లలో తేలుతుందా? సముద్రంలో చేపలుంటాయా? సుత్తితో మేకు కొట్టొచ్చా? (రామసేతువు కథ వింటూ పెరిగిన మన పెద్దవాళ్లు మొదటి ప్రశ్నకు "తేలుతుంది" అన్నా పూర్తిగా తప్పు పట్టలేం.)

ఈ పరీక్షలో పట్టుబడే మతిభ్రమను డెలీరియం అంటారు. 2013లో అచ్చయిన ఎలీ బృందం అధ్యయనంలో 821 మందిని చూస్తే ఆసుపత్రిలో ఉండగా 74 శాతం మందికి అది వచ్చింది. అరిచి, గొట్టాలు పీక్కునేవాళ్లే అందరికీ కనబడతారు. ఎక్కువమంది ఊరికే కళ్లు తెరుచుకుని నిశ్శబ్దంగా పడుకుని ఉంటారు. "పాపం, నెమ్మదిగా ఉన్నాడు" అనుకుని మనం వెళ్లిపోతాం.

డెలీరియం ఎంత ఎక్కువ రోజులు ఉంటే తర్వాత జ్ఞాపకశక్తి అంత ఎక్కువ దెబ్బతింది. మూడు నెలల తర్వాత ప్రతి నలుగురిలో ఒకరి మార్కులు తొలిదశ అల్జీమర్స్ రోగుల మార్కులతో సమానంగా ఉన్నాయి. కుర్రవాళ్లకూ ఇది తప్పలేదు. లెక్కలు తడబడటం, గ్యాస్ కట్టేయడం మర్చిపోవడం, వంటకు ఏది ముందు ఏది వెనక అని తికమక పడటం, బ్యాంకు ఫారం చూస్తే చిరాకెత్తడం, ఇవన్నీ ఆ కోవలోవే. కొన్నాళ్లు డబ్బు వ్యవహారాలు ఇంకొకరు చూసుకోవడం, బండి నడపడానికి డాక్టర్ మాట తీసుకోవడం మంచిది.

కుటుంబం చేయగలిగింది చిన్నదే, కానీ పనికొచ్చేది. కళ్లద్దాలు, వినికిడి మిషను ఐసీయూ లోపలికి పంపించండి. వాటిని సంచీలో కట్టి మనకు అప్పగించడం మామూలైపోయింది. అవి లేక సగం చూపుతో, సగం వినికిడితో పడుకున్న మనిషికి చుట్టూ జరిగేది అర్థం కాకపోవడంలో వింతేముంది? లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఇవాళ ఏ వారం, ఏ తేదీ, ఎక్కడున్నారు, ఎందుకున్నారు అని చెప్పండి, తెలుగులో చెప్పండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి అక్కడ ఐసీయూ పాలైన అమ్మానాన్నల విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని చట్టమే ఉంది. అడిగి పెట్టించుకోవాలి.

జరగనివే బాగా గుర్తుంటాయి

ఐసీయూ నుంచి వచ్చిన చాలామందికి జరిగినవి గుర్తుండవు, జరగనివి కళ్లకు కట్టినట్టు గుర్తుంటాయి. నర్సులు విషం ఎక్కిస్తున్నారని, ఎవరో ఎత్తుకుపోయి కట్టేశారని, మంచం ఓడలో తేలుతోందని, చనిపోయిన తండ్రి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడని. ఇంగ్లండ్‌లోని విస్టన్ ఆసుపత్రిలో క్రిస్టీనా జోన్స్, రిచర్డ్ గ్రిఫిత్స్ దీని మీద ఏళ్ల పాటు పనిచేశారు. అలాంటి తప్పుడు జ్ఞాపకాలే తర్వాత పీడకలలకూ భయానికీ దారితీస్తున్నాయని వాళ్లు గమనించారు.

తవ్వి చూస్తే వాటి అడుగున తరచూ నిజమైన ముక్క ఒకటి దొరుకుతుంది. గొట్టం పీక్కోకుండా చేతులకు కట్టిన పట్టీలు "జైలు" అవుతాయి. మూత్రం గొట్టం పెట్టడం "దాడి" అవుతుంది. గాలి పరుపు కదలిక "ఓడ" అవుతుంది.

మన ఇళ్లలో ఇది ఎక్కువగా బయటికి రాదు. పిచ్చి పట్టిందంటారేమోనని పేషెంటు చెప్పడు. చెప్పినా "అదంతా నీ భ్రమ, వదిలేయ్" అని కొట్టిపారేస్తాం, లేదా గాలి సోకిందని తాయెత్తు తెస్తాం. కట్టుకుంటే కట్టుకోనివ్వండి, కానీ దాంతోపాటు జరిగింది జరిగినట్టు చెప్పండి: "చేతులు కట్టారు నిజమే నాన్నా, నువ్వు రెండుసార్లు గొట్టం లాగేసుకున్నావు, అందుకని." ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

నర్సులు రాసే డైరీ

ఈ తెగిపోయిన రోజులను అతికించడానికి డెన్మార్క్, స్వీడన్, నార్వే నర్సులు దశాబ్దాల కిందటే ఒక పద్ధతి మొదలుపెట్టారు. స్పృహలేని రోగి పేరిట ఒక నోటుపుస్తకం తెరిచి, అతన్నే ఉద్దేశించి రోజూ నాలుగు మాటలు రాస్తారు. మందుల పేర్లు, రీడింగులు అందులో ఉండవు. ఇవాళ మీ జ్వరం తగ్గింది, మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టాం, మీ అమ్మాయి వచ్చి మీ చెయ్యి పట్టుకుని కూర్చుంది, బయట వాన, ఇలా ఉంటాయి. కోలుకున్నాక, పేషెంటు చదవగలనన్నప్పుడు దాన్ని చేతికిస్తారు.

ఇది పనిచేస్తుందా? ఆరు ఐరోపా దేశాల్లో జోన్స్ బృందం 352 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. డైరీ అందుకున్నవాళ్లలో 5 శాతం మందికి, అందుకోనివాళ్లలో 13 శాతం మందికి కొత్తగా పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య) వచ్చింది. ఆశ పుట్టించే అంకెలే. అయితే 2019లో ఫ్రాన్స్ నుంచి ఇంకా పెద్ద అధ్యయనం వస్తే, అందులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పందెం ఇంకా తేలలేదన్నమాట. నా మటుకు నేను రాయమనే అంటాను. నోటుపుస్తకం ఖరీదు ఐసీయూ బిల్లులో లెక్కకు రాదు, పైగా బయట బల్లల మీద గంటల తరబడి కూర్చునే మనకు చేతికి పని. వాట్సాప్ గ్రూపులో ఊరందరికీ పెట్టే కబురును పేషెంటుకే ఉత్తరంలా రాస్తే సరి. ఫోటోలు తీసేముందు మాత్రం ఆసుపత్రివాళ్లను అడగండి. అవి బంధువుల గ్రూపుల్లో తిరగకుండా చూడండి.

జుట్టు, గోళ్లు

ఇంటికొచ్చి అంతా కుదుటపడింది అనుకునే రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు ఊడుతుంది. కొత్త జబ్బు కాదు, పెద్ద జబ్బు తాకిడికి వెంట్రుకలన్నీ ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి ఇప్పుడు రాలుతున్నాయంతే. చాలామందికి మళ్లీ వస్తుంది. గోళ్ల మీద అడ్డంగా గాడి కూడా పడొచ్చు. జోసెఫ్ బో అనే ఫ్రెంచ్ డాక్టరు 1846లోనే దీన్ని వర్ణించాడు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి గాడి ఎంత పైకి వచ్చిందో చూసి జబ్బు ఎప్పుడు చేసిందో చెప్పొచ్చు.

గొంతు మారడం, నీళ్లు పొలమారడం

వెంటిలేటర్ గొట్టం స్వరతంత్రుల మధ్యగా దిగుతుంది. తీసేశాక గొంతు బొంగురుపోవడం, మింగడం మర్చిపోయినట్టు అనిపించడం సాధారణం. అన్నం కంటే నీళ్లు ప్రమాదం, పల్చనివి జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో ఇవ్వాలి. పడుకోబెట్టి నోట్లో తీర్థమో, కొబ్బరినీళ్లో పోయకూడదు. తాగినప్పుడల్లా దగ్గు వస్తున్నా, గొంతు గరగరమంటున్నా స్పీచ్ థెరపిస్టును చూపించాలి. మింగే పరీక్ష చేసేది వాళ్లే, పేరు చూసి మాటలు నేర్పేవాళ్లు మాత్రమే అనుకుంటాం.

మెడకు గొట్టం ఉన్నవాళ్లు మాట్లాడేందుకు వాడే చిన్న కవాటం, పాసీ-మ్యూర్ వాల్వ్, ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ కాదు. కండరాల క్షీణతతో వెంటిలేటర్ మీద బతికిన డేవిడ్ మ్యూర్ అనే అమెరికన్ కుర్రాడు, తనకు మాట కావాలని 1980లలో తయారుచేసుకున్నాడు.

గొట్టం నోట్లో ఉండగానే నడిపిస్తారు

షికాగో యూనివర్సిటీ డాక్టర్లు 2000లో ఒక సంగతి తేల్చారు: రోజుకోసారి మత్తుమందు ఆపి పేషెంటును లేపితే వెంటిలేటర్ మీద ఉండే రోజులు 7.3 నుంచి 4.9కి తగ్గాయి. 2009లో ఇంకో అడుగు వేసి, మెలకువ రాగానే, గొట్టం తీయకముందే ఫిజియోథెరపీ మొదలుపెట్టించారు. ఆసుపత్రి వదిలేనాటికి 59 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగారు, మామూలు వైద్యం అందినవాళ్లలో 35 శాతమే. దాంతో "ఎంత ఎక్కువ కదిలిస్తే అంత మంచిది" అనే ఊపు వచ్చింది. 2022లో 750 మంది మీద వచ్చిన మరో అధ్యయనం దానికి కళ్లెం వేసింది: మామూలు కంటే ఎక్కువ కదిలించినందుకు అదనపు మేలేమీ కనబడలేదు, గుండె దడ, బీపీ పడిపోవడం లాంటివి పెరిగాయి.

ఇంట్లోనూ అదే కొలత. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, గుమ్మం దాకా నడక, రేపు వీధి మలుపు దాకా. ఇవాళ ఓపిక ఉందని రేపటిది కూడా వాడేస్తే మర్నాడంతా మంచమే.

కాపలా ఉన్నవాళ్లకూ వస్తుంది

ఫ్రాన్స్‌లో 2005లో అచ్చయిన అధ్యయనంలో ఐసీయూ రోగుల బంధువులను మూడు నెలల తర్వాత పలకరిస్తే ప్రతి ముగ్గురిలో ఒకరికి పీటీఎస్‌డీ ఛాయలు కనిపించాయి. కెనడాలో ఏడాది తర్వాత కూడా సేవచేసేవాళ్లలో 43 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు ఉన్నాయి. పేషెంటు కంటే భార్యో, కూతురో ఎక్కువ చిక్కిపోవడం మనమెరిగిందే. దానికి తోడు పరామర్శలు. హార్లిక్స్ సీసాతో వచ్చిన ప్రతి బంధువుకూ మొదటినుంచీ కథ చెప్పి, కాఫీ ఇచ్చి, వాళ్ల ఊళ్లో ఎవరో ఇలాగే ఉండి పోయారన్న కబురు కూడా వినాలి. పరామర్శకు వెళ్లేవాళ్లు గంట కూర్చునే బదులు ఒక రాత్రి కాపలా ఉంటామని చెప్పండి, క్యారియర్ పంపండి, మందుల షాపుకు వెళ్లిరండి.

ఉద్యోగం

పలు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, అంతకుముందు ఉద్యోగం చేస్తున్నవాళ్లలో మూడు నెలలకు మూడింట ఒక వంతు, ఏడాదికి సగం కంటే కాస్త ఎక్కువమందే తిరిగి పనిలో చేరారు. సెలవు అడిగేటప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకోండి. కుదిరితే మొదట పూటపనికి ఒప్పించుకోండి.

బ్రిటన్‌లో ఐసీయూకి మళ్లీ పిలుస్తారు

ఐసీయూ తర్వాత కోలుకోవడం గురించి బ్రిటన్ 2009లో ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. రెండు మూడు నెలలకు పేషెంటును పిలిచి ఒళ్లు, బుర్ర, మనసు మూడూ చూడాలి. కొన్నిచోట్ల వాళ్లు పడుకున్న మంచం, మోగిన అలారాలు మళ్లీ చూపిస్తారు. ఆ "ఓడ" నిజానికి ఏమిటో కళ్లారా చూస్తే భయం సగం దిగుతుంది. 2005లో మిల్టన్ కీన్స్ ఊళ్లో మాజీ పేషెంట్లు, బంధువులు, ఐసీయూ సిబ్బంది కలిసి ఐసీయూస్టెప్స్ అనే సంస్థ పెట్టారు. అక్కడ ఒకరి పీడకల ఇంకొకరు నమ్ముతారు.

క్లినిక్ పెట్టగానే అంతా మారిపోదు. 286 మంది మీద బ్రిటన్లోనే జరిగిన అధ్యయనంలో, నర్సులు నడిపిన ఫాలోఅప్ క్లినిక్ వల్ల ఏడాది తర్వాతి జీవన నాణ్యతలో తేడా రాలేదు. అయినా మన దగ్గర అలాంటి క్లినిక్కులే అరుదు. గుండెకు ఒక డాక్టరు, కిడ్నీకి ఒక డాక్టరు, మొత్తం మనిషిని చూసేవాళ్లు లేరు. అందుకని అడగాల్సింది మనమే.

డిశ్చార్జ్ రోజు బిల్లు కౌంటర్ దగ్గర తొందరపడకుండా డాక్టర్ని నాలుగు అడగండి. ఐసీయూలో మొదలుపెట్టిన నిద్రమాత్ర, మతిభ్రమకు ఇచ్చిన మాత్ర, గ్యాస్ మాత్ర ఎప్పుడు ఆపాలి? (అవసరం తీరినా నెలల తరబడి మింగుతూనే ఉండటం అన్నిదేశాల్లో చూస్తున్నదే.) ఇంట్లో ఫిజియోథెరపీ ఏది, ఎన్నాళ్లు? మింగడం పరీక్షించారా? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి. అమెరికా లెక్కల ప్రకారం సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు వికటించి అవయవాలు దెబ్బతినడం) నుంచి బయటపడినవాళ్లలో సుమారు 40 శాతం మంది 90 రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారు. జ్వరం, ఆయాసం, మూత్రం తగ్గడం, ఉన్నట్టుండి మాట తడబడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు.

పీడకలలు, గుబులు, ఏడుపు ఆగకపోతే, అది పేషెంటుకైనా కాపలా ఉన్నవాళ్లకైనా, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.